పోస్టుమాస్టరు గారింటి వైరస్

"రెండు జతల బట్టలెందుకమ్మా? సాయంత్రానికల్లా వచ్చేస్తాగా!"

తల్లి వినిపించుకోలేదు. బ్యాగులో తువ్వాలు పెట్టింది. దానిమీద స్క్రూడ్రైవర్ల సంచి, పెన్‌డ్రైవుల డబ్బా, ఛార్జరు. పక్క జేబులో తలనొప్పి మాత్రలు. జిప్పు వేసి, మళ్ళీ తీసి, గొడుగు కుక్కింది.

"ఎండ మండిపోతోందే!"

"వాన చెప్పి వస్తుందా?"

కొడుకు కంప్యూటర్లు బాగుచేస్తాడు. తల్లి ఇంట్లో ఫోన్లు ఎత్తి, ఎవరి మెషీనుకు ఏం రోగమో రాసుకుంటుంది. ఆవిడ బడి మొహం చూడలేదు. పొట్లాల కాగితాలు విప్పి చదివి చదివి అక్షరాలు నేర్చుకున్న మనిషి. ఇప్పుడు నవలలే కాదు, తెరమీద వచ్చే హెచ్చరికలు కూడా పేపరు చదివినట్టు చదివేస్తుంది.

ఆవిడకు ఉన్నది ఒకటే భయం. గుమ్మం దాటినవాళ్ళు తిరిగి రారేమోనని. భర్త రెండు రోజుల పనే అని వెళ్ళాడు. ఆయన రాలేదు, పోయాడని కబురు వచ్చింది. అప్పట్నుంచీ కొడుకు ఏ ఊరెళ్ళినా, బస్సు దిగానని ఫోను చేసేదాకా ఆవిడకు ముద్ద దిగదు.

అందులోనూ ఇప్పుడు వెళ్ళేది పక్క ఊరి పోస్టుమాస్టరు గారింటికి. ఆయన రిటైరయ్యాడు. భార్య పోయి చాలా కాలమైంది. ఇంట్లో తండ్రీ కూతురూ ఇద్దరే. ఆ ఇంటి మెషీనుకు ఈమధ్య వారం వారం వైరస్ పడుతోంది.

"బాగుచేసి వచ్చావు కదరా. మళ్ళీ ఎలా పట్టింది?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు. యాంటీవైరస్ ఎర్ర పెట్టెలు చూపిస్తోందట. ఈసారి ఏకంగా సిస్టమ్ ఫైళ్ళకే పట్టింది."

"తీసి పారెయ్!"

"మామూలు ఫైళ్ళయితే పారేద్దును. ఇవి లేకపోతే మెషీను లేవదమ్మా. ముందు వీటిని విడిగా కట్టడి చెయ్యాలి. కడిగితే పోతుందేమో చూడాలి. పోకపోతే మంచి కాపీ తెచ్చి అదే చోట పెట్టాలి. అది సరే. ఆ ఫైళ్ళ పేర్లు రాసుకోడానికి నీకు ఫోన్లో అంతసేపెందుకు?"

"పేర్లు పొడుగ్గా ఉంటే నేనేం చెయ్యను? ఆయన అక్షరం అక్షరం చదివితేగానీ వదలడు." తల్లి మొహం చిట్లించింది. "నాకు అర్థమైందిరా. ఇదంతా ఆ పిల్ల పని. నిన్ను రప్పించుకోడానికే కావాలని చేస్తోంది."

కొడుకు నవ్వాడు. ఆ నవ్వు తల్లికి బొత్తిగా నచ్చలేదు.

"నేనూ వస్తున్నా. ఆ పిల్లతో అటో ఇటో తేల్చుకుంటే గానీ నాకు మనసు కుదుటపడదు."

గొడుగు తీసి పక్కన పడేసి, ఆ జాగాలో తన చీర ఒకటి పెట్టింది.

"చీరెందుకే?"

"వానొస్తే తడవనా?"

ఇద్దరూ బస్సు దిగి వెళ్ళేసరికి పోస్టుమాస్టరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. తల్లిని చూడగానే చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.

"మీరూ వచ్చారా!" అన్నాడు. వేసిన గేటు గడియే మళ్ళీ వేశాడు.

ముందుగదిలో కిటికీ పక్కన ఉంది మెషీను. తెర నిండా ఎర్ర పెట్టెలు. బాగుచేయాలా, విడిగా ఉంచాలా, తొలగించాలా అని అడుగుతున్నాయి.

"తొలగించు మాత్రం నొక్కకు," అంది తల్లి.

"ఏదీ, నువ్వే చేస్తావా?" అన్నాడు కొడుకు. తను తెచ్చిన పెన్‌డ్రైవుతో మెషీనును లేపి, ఒక్కో ఫైలునూ కడగడం మొదలుపెట్టాడు. కాసేపటికి తల తిప్పాడు. "ఎక్కణ్ణుంచి వస్తోందో దొరికిందండీ. మీ పాత పెన్‌డ్రైవే. దాన్ని పారేయమన్నాను కదా?"

పోస్టుమాస్టరు కూతురు అల్మరా అంతా వెతికింది. పెన్‌డ్రైవు దూదిలో చుట్టి, చిన్న డబ్బాలో భద్రంగా ఉంది.

"నాన్నా! పారేశానన్నావుగా?"

"మనసొప్పలేదమ్మా," అన్నాడాయన గోడవైపు చూస్తూ.

కూతుర్ని వెనకేసుకొస్తున్నాడు అనుకుంది తల్లి. కొంగు బిగించింది.

"అమ్మాయీ, సూటిగా అడుగుతున్నా. మావాణ్ణి వారం వారం ఎందుకు రప్పిస్తున్నావు? నాకున్నది వాడొక్కడు. వాణ్ణి కూడా లాక్కుపోతే నేనెవరి మొహం చూసి బతకను?"

ఆ అమ్మాయి తెల్లబోయింది. తర్వాత పకపకా నవ్వింది.

"నేనా ఆంటీ? వచ్చే నెల్లో నా పెళ్ళి! అయినా నేనీ మెషీను జోలికే రాను. ఆఫీసులో చూసి చూసి కళ్ళు పోతున్నాయి."

"మరి?"

పోస్టుమాస్టరు కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

"మీరు ఫోన్లో చెబుతున్న ఆ నవల..." అన్నాడు చివరికి. "రైలు దిగిపోయిన ఆ పిల్ల ఏమైందండీ? ఫైళ్ళ పేర్లు అయిపోయాయని మీరు పెట్టేశారు."

కూతురు తండ్రి వైపు చూసింది. కొడుకు తల్లి వైపు చూశాడు. తల్లి ఎవరి వైపూ చూడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒరేయ్, ఆ ఫైళ్ళు నిదానంగా కడుగు," అంది. "తొందరేం లేదు."

కొడుకు ఆ సాయంత్రం బస్సుకే ఇల్లు చేరాడు. తల్లి ఇంతవరకూ తిరిగి రాలేదు.