కాలు మారిన నొప్పి

గేటు తీసేముందే అతను కుంటడం మొదలుపెట్టాడు.

వరండాలో కూర్చున్న ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "పోయినవారం కుంటింది ఎడమకాలు కదా. ఇవాళ కుడికాలా, అల్లుడుగారూ?"

"గౌట్ అంతే అత్తయ్యా. ఓ బొటనవేలిని వదిలి రెండోదాన్ని పట్టుకుంటుంది."

"పిల్లి తన పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పినట్టు!" అంటూ ఆవిడ వంటింట్లోకి నడిచింది.

పొయ్యి మీద కషాయం మరుగుతోంది. పెరటి గోడ మీద పాకిన తీగ ఆకులతో కాచింది అది. ఆ ఇంట్లో తాతల నాటినుంచీ కీళ్లవాపుకి అదే మందు. పెళ్లైన కొత్తలో ఆ చేదు తాగి నొప్పి తగ్గాక, దాన్ని మాత్రగా మార్చాలని మందుల కంపెనీలో పనిచేసే అతనికి పట్టుదల పుట్టింది. ఆదివారం వచ్చి ఓ గ్లాసు తాగుతాడు. ఓ సీసా ల్యాబుకి పట్టుకెళతాడు. మొదట చేసిన మాత్రలు చెమ్మకి పొడైపోయాయి. తర్వాతవి కడుపులో మంట పెట్టాయి. ఏది చెడినా ముందు ఆవిడకే వచ్చి చెప్పేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఇవాళ చెప్పాల్సింది వేరు.

"మాత్రకి అనుమతి వచ్చింది అత్తయ్యా. త్వరలో షాపుల్లోకి వస్తుంది."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మంచిమాట," అంది. "అయితే ఇక నా కషాయంతో పనిలేదు."

అతను సింకు పక్కనున్న స్టాండు వైపు చూశాడు. బోర్లించినవి రెండే గ్లాసులు. అందులో ఒకటి తనది.

"ఎందుకు లేదూ?" తడబడ్డాడు. "ఆకు... వానల్లో ఒకలా, ఎండల్లో ఒకలా ఉంటుందిట. అన్ని కాలాల్లోనూ పరీక్ష చెయ్యాలి."

"అబద్ధమాడినా గోడ కట్టినట్టుండాలి," అంటూనే ఆవిడ గ్లాసు నిండా పోసింది. "ఆదివారం ఆలస్యం చెయ్యకండి."

అంతలో ఫోను మోగింది. కూతురు! పెద్దాసుపత్రిలో డాక్టరు. ఆకులూ అలములూ అంటే ఒళ్లుమంట ఆమెకి.

ఆవిడ పెదవుల మీద వేలుంచి సైగ చేసింది. అతను గ్లాసు పట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

"ఎవరూ లేరే, ఒక్కదాన్నే... ఆఁ, తిన్నాను... ఏదీ, ఒకసారి ఇవ్వు."

ఆవిడ గొంతు సవరించుకుని, అతని వైపు చూడకుండా, ఫోనులోకి వచ్చిన కూతురి రెండో భర్తను "అల్లుడుగారూ, బావున్నారా?" అని పలకరించింది.