పొంగకముందే దించిన పాలు

పాలు అంచుదాకా లేచాయి. దండం పెట్టడానికి అందరూ చేతులు జోడించారు. సరిగ్గా అప్పుడు ఎలోడీ తన చున్నీతో గిన్నె పట్టుకుని గబుక్కున పొయ్యి మీంచి దించేసింది. లేచిన పొంగు చప్పున దిగిపోయింది.

చిన్నమ్మి గుండె జారిపోయింది. హిందీ, తెలుగు కలగలిసే ఆ దీవిలో, గరాచర్మ ఊళ్ళో వాళ్ళ కొత్త ఇంటి గృహప్రవేశం అది. ఎలోడీ అంటే చిన్నమ్మి వాళ్ళన్న గోవిందు పెళ్ళాడతానంటున్న ఫ్రాన్సు పిల్ల. ఇన్నాళ్ళూ ససేమిరా అన్న బుల్లమ్మ మామ్మ ఇవాళ తనంతట తానే ఆ పిల్లని పిలిచి పాలు పొంగించమంది. అంటే మనవడి పెళ్ళాంగా ఒప్పుకున్నట్టే. తీరా ఆ పిల్ల చేసిన పని ఇదీ!

"ఓలమ్మో! పొంగనీకుండా దించీసిందేటే!" మామ్మ పొయ్యి పక్కనే గచ్చు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న చోటినుంచే కేకలు మొదలుపెట్టింది. "గోవిందుగాడేడీ? పిలువు ఆడ్ని!"

గోవిందు కుర్చీలు తేవడానికి డైరీ ఫార్మ్ అనే పేటకి వెళ్ళాడు. ఫోను ఎత్తడం లేదు. ఆ ఇంట్లో ఫ్రెంచి తెలిసిన రెండో మనిషి చిన్నమ్మి. ఆ తెలియడమైనా హోటల్ కోర్సులో నేర్పినంత మేరకే. ఎలోడీకి ఇంగ్లీషు ముక్క రాదు. చిన్నమ్మికి వంటగది దాటితే ఫ్రెంచి ముక్క రాదు.

అయితే మరగబెట్టడం దగ్గర మాత్రం చిన్నమ్మికి తిరుగులేదు. ఇంగ్లీషు "బాయిల్"కి ఫ్రెంచిలో "బుయీర్". సన్నసెగ మీద నీళ్ళు వణుకుతుంటే "ఫ్రెమీర్". కూర నిదానంగా ఉడుకుతుంటే "మిజోతే". "బాయిల్ ఓవర్" అయితే "దెబోర్దే". ఇవన్నీ పరీక్షలో గడగడా అప్పజెప్పి మెప్పు పొందిన పిల్ల.

"మామ్మా, రుకో, నేను మాట్లాడతాను," అని ఎలోడీ వైపు తిరిగి, "లె లే... దెబోర్దే," అంది. పాలు పైకి లేచి కారుతున్నట్టు చేతులతో చూపించింది.

"వీ, వీ," అంటూ ఎలోడీ తలూపింది. హమ్మయ్య, అర్థమైంది. పొయ్యిలో మంట ఇంకా బాగానే ఉంది. గిన్నె మళ్ళీ పెట్టమని చిన్నమ్మి సైగ చేసింది.

"నోన్!" అని ఎలోడీ గిన్నెకి అడ్డంగా నిలబడింది.

"ఏటంటంది?"

"వద్దంటంది, మామ్మా."

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. మామ్మ కళ్ళు ఎర్రబడ్డాయి.

"వద్దా? మా ఇంట్లో పాలు పొంగడం ఈవిడగారికి వద్దా? చౌల్దారీలో మన పాతింట్లో నేను పొంగించినాను. ఎంత భూకంపమొచ్చినా ఆ గోడ బీటలియ్యలేదు. నా రక్తం ఉడికిపోతంది, సెప్పు దానికి!"

రక్తం ఉడకడం సిలబస్‌లో లేదు. రక్తానికి మాట ఎప్పుడో మాంసం పాఠంలో తగిలింది గనక, చిన్నమ్మి రెండూ కలిపి, మామ్మని చూపించి, "సాంగ్... బుయీర్," అంది.

ఎలోడీ ముఖం పాలిపోయింది. మామ్మ వైపు వేలు చూపిస్తూ, "పియే! పియే!" అని అరిచింది. ఆ మాట చిన్నమ్మి ఏ వంటలోనూ వినలేదు.

"దేఖో, దేఖో! పెద్దదాన్నని సూడకుండా నామీదికి ఏలు సూపుతందే! బస్, ఇంక సాలు. ఈ సంబంధం నాకొద్దు. ఎల్లిపొమ్మను."

చిన్నమ్మికి ఏడుపొచ్చింది. పాపం, అన్న వచ్చేసరికి అంతా అయిపోయేలా ఉంది. ఈ మాటని మాత్రం ఆమె ఫ్రెంచిలోకి మార్చలేదు. మార్చాల్సిన అవసరమూ లేకపోయింది. ఎలోడీ కళ్ళలో అప్పటికే నీళ్ళు తిరుగుతున్నాయి.

ఎలోడీ గబగబా వెళ్ళి మామ్మ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ పాదాల మీదికి వంగింది.

చిన్నమ్మి ఊపిరి పీల్చుకుంది. మామ్మ కోపం కూడా సగం దిగింది.

"సర్లే, తప్పు తెలుసుకుంది. సిన్నపిల్ల. లెగమను," అంటూ దీవించడానికి చెయ్యెత్తింది.

ఎలోడీ లేవలేదు. చక్కెర జబ్బుతో మొద్దుబారి, వేడీ చల్లా తెలియకుండా పొయ్యి ఇటుకలకి ఆనుకుని ఉన్న మామ్మ కుడికాలిని రెండు చేతులతో ఎత్తి, చిన్నమ్మికి చూపిస్తూ మళ్ళీ "పియే" అంది. చంటిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా దాన్ని గోడవారకి జరిపింది. అప్పుడు లేచి గిన్నెని మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.

పాలు పొంగాయి. ఇటుకల మీంచి బుసబుసా కారి, అంతవరకూ ఆ కాలు ఉన్న చోటే పొగలు కక్కుతూ మడుగు కట్టాయి.