పేరు అడగబడదు

హత్య చేసిన తుపాకీని వదిలించుకోవడానికి పోలీస్ స్టేషన్‌ను మించిన చోటు లేదని కలప వ్యాపారికి తట్టడానికి రెండేళ్ళు పట్టింది.

ఆ రెండేళ్ళూ అది అతని కోతమిల్లులో, రంపపుపొట్టు కుప్ప కింద, నూనెగుడ్డలో నిద్రపోయింది. ఏటిలో పారేస్తే ఏ వలలోనో చిక్కుతుంది. పాతిపెడితే ఏ కుక్కో తవ్వి తీస్తుంది. ఏం చెయ్యాలో తోచక తల పట్టుకుని ఉండగా పోలీసులు వీధివీధికీ బోర్డు కట్టారు. "మీ వద్ద గల ఆయుధాలు అప్పగించండి. పేరు అడగబడదు. అన్నీ కరిగించబడును."

అంత మర్యాదగా అడిగితే కాదనడానికి అతనేమీ సంస్కారం లేనివాడు కాదు. స్టేషన్ వెనక సందులో పెట్టిన ఇనప పీపాలో, బావమరిది ప్రాణం తీసిన తుపాకీని మెల్లగా జారవిడిచాడు. చుట్టూ తిరిగి ముందు గుమ్మంలోకి వచ్చి, "మంచి పని చేస్తున్నారు సార్" అని ఇన్‌స్పెక్టర్‌ను మెచ్చుకుని మరీ ఇంటికెళ్ళాడు.

ఆ తుపాకీకి పాత పిడి విరిగితే, తన చేత్తో టేకు చెక్క చెక్కి బిగించుకున్నాడు. దాన్ని కూడా ఊడదీయలేదు. ఎలాగూ కొలిమిలో పడేదానికి సింగారం తీయడం దండగ అనుకున్నాడు.

మూడు వారాలు హాయిగా నిద్రపోయాడు. నాలుగో వారం పేపరు తెరిస్తే, తుపాకులు కరిగించే బదులు అమ్మేస్తే ఎలా ఉంటుందని పోలీసులు ఆలోచిస్తున్నారన్న వార్త కనిపించింది. స్టేషన్ పైకప్పు కారుతోందట మరి.

ఊరు రెండుగా చీలిపోయింది. పనికొచ్చే వస్తువును పాడుచేయడం పాపమని సగం మంది. వీధిలోంచి తీసింది మళ్ళీ వీధిలోకే పంపుతారా అని సగం మంది. టౌన్ హాల్లో జరిగిన సభలో రెండో సగం తరఫున అందరికన్నా గట్టిగా మాట్లాడింది కలప వ్యాపారే. "ఆ ఇనుములో ఎవరి నెత్తురు ఉందో! ఒక్కటి కూడా మిగలకూడదు!" అని అరిచి, మంచినీళ్ళు తాగి కూర్చున్నాడు. చప్పట్లు మోగాయి. పక్కనున్న భార్య కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చాక ఆవిడ అంది, "మా తమ్ముడు పోయినప్పట్నించీ తుపాకీ మాటెత్తితే చాలు మీకు చెమటలు పడుతున్నాయి. పాపం, వాడంటే ఎంత ప్రాణమో మీకు!"

"ఊఁ" అన్నాడు.

"అయినా వాళ్ళు అమ్ముకుంటే అమ్ముకోనివ్వండి. మనమేమైనా కొంటామా, పెడతామా?"

మర్నాడే ప్రకటన వచ్చింది. అమ్ముతారు. అమ్మే ముందు ప్రతి తుపాకీనీ ఒకసారి పేల్చి, ఆ తూటాను భద్రపరుస్తారు. అలంకారానికి గోడకు తగిలించుకునే వారికి మాత్రం ఈ పరీక్ష లేదు. దరఖాస్తులో కావలసిన తుపాకీ ఆనవాళ్ళు స్పష్టంగా రాయవలెను. లేనిచో చేతికందినది ఇవ్వబడును.

వ్యాపారి లెక్క వేసుకున్నాడు. తూటా బావమరిది ఒంట్లో దొరికినదానితో కలిసిందంటే ఆ టేకు పిడి పట్టుకుని ఊళ్ళో కోతమిల్లులన్నీ తిరుగుతారు. ఊళ్ళో ఉన్నవి రెండే. రెండోదాని యజమానికి పక్షవాతం.

అలంకారం మీద అతనికి హఠాత్తుగా మక్కువ పుట్టింది.

స్టేషన్‌లో రికార్డులు రాసే అమ్మాయి బల్ల ముందు క్యూ ఉంది. పైకప్పులోంచి బొట్టుబొట్టుగా నీళ్ళు బకెట్లో పడుతున్నాయి. తుపాకులు చూడ్డానికి వీల్లేదట, లోపల తాళంలో ఉన్నాయట. అందుకని ముందున్న ఒకాయన "పెద్దది" అని రాశాడు. ఇంకొకాయన "మెరిసేది" అని రాశాడు. కలప వ్యాపారి ఎడంచేత్తో కాగితాన్ని కప్పుకుని, "టేకు పిడి గలది" అని రాసి, కింద పేరూ అడ్రసూ వేసి సంతకం పెట్టాడు.

ఆ అమ్మాయి తలెత్తకుండానే చదివింది. "చెక్క పిడివి చాలానే ఉన్నాయండీ. వేరేది ఇచ్చేస్తే మళ్ళీ మమ్మల్ని అనకండి. ఇంకేదైనా ఆనవాలుందా?"

వేరేది తీసుకుపోయి ఏం చేసుకోను అనుకుని అతను కాగితం వెనక్కి లాక్కుని, ఇంకా రాశాడు. "పిడికి రెండు ఇత్తడి మరలు. కింది మర తల చీలినది. లోపలి వైపు ఉలి జారిన గీత కలదు."

"ఇప్పుడు బాగుందండీ. రేపు పొద్దున రండి" అంది ఆ అమ్మాయి.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ స్వయంగా కుర్చీ వేయించాడు. తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. టేకు పిడి, రెండు మరలు, చీలిన తల, ఉలి గీత.

"ఇదేనాండీ?"

"ఇదే, ఇదే!" వ్యాపారి రెండు చేతులూ చాచాడు. తప్పిపోయిన బిడ్డ దొరికినా ఎవరూ అంత సంబరపడరు. "మరి మిగతావాళ్ళ తుపాకులు?"

"అవా? అప్పగించిన వారంలోనే కరిగించేశాం. మాటిచ్చాం కదండీ. కరిగించే ముందు ఒక్కోటీ పేల్చి చూశాం. దీని తూటా మీ బావమరిది ఒంట్లో దొరికిన తూటాతో కలిసింది. అందుకని ఇదొక్కటీ ఉంచాం." ఇన్‌స్పెక్టర్ నిట్టూర్చాడు. "ఎవరిదో తెలుసుకుందామంటే, పేరు అడగబోమని బోర్డు కట్టి చచ్చాం."

వ్యాపారి కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "అన్యాయం! పేరు అడగబడదని మీరే రాశారు!"

"అడగలేదుగా అండీ." పక్కనే నిలబడ్డ రికార్డుల అమ్మాయి దరఖాస్తు తిప్పి, సంతకం కింద వేలు పెట్టి చూపించింది. "మీరే రాసిచ్చారు."