లేని పంటినొప్పి

"ఏమ్మా, మీ అమ్మాయి అలా బిక్కమొహం వేసుక్కూచుందేం? ఒంట్లో బాలేదా?"

చిల్లకల్లులో బస్సెక్కి పక్కన కూర్చున్న పెద్దావిడ అడిగిన ఆ ఒక్క మాటకి భారతీదేవి గుండె గుభేలుమంది. జగ్గయ్యపేట నుంచి కూతుర్ని నందిగామలో లేడీ డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్తోంది. నెలసరి దగ్గర పడుతోందంటే చాలు, యశస్వినికి గుండెదడ, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు. డిగ్రీ చదివే పిల్లకి ఇలా ఉందని బస్సులో తెలిస్తే ఇంకేమన్నా ఉందా? ఈ బస్సు వీరులపాడు చెవిన వేస్తుంది, వీరులపాడు మైలవరానికి మోస్తుంది, రేపు సంబంధాలు చూసేటప్పుడు ‘ఆ పిల్లకి పిచ్చటగా’ అంటారు. భారతీదేవి ఆలోచన ఎప్పుడూ అంతే. కుక్కరు ఒక కూత ఎక్కువ కూస్తే ఫైరింజను దాకా వెళ్ళిపోతుంది.

"పంటినొప్పండీ" అంది చటుక్కున.

యశస్విని తల తిప్పి తల్లిని చూసింది.

"అయ్యో! ఏ పన్ను?"

"దవడ పన్నండీ. బాగా వెనకది."

"వాపేం లేదే?"

"లోపలికి వాచిందండీ."

పెద్దావిడ మొహం వెలిగిపోయింది. "నా పేరు అమ్మణ్ణి. నందిగామలో మా అల్లుడు ప్రద్యుమ్న పళ్ళ డాక్టరే! నేనూ అక్కడికే పోతున్నా. నా మాటగా చెప్తే ముందు చూస్తాడు, రండి."

"వద్దండీ, మీకెందుకు శ్రమ? దానంతటదే తగ్గిపోద్ది."

"పంటినొప్పి తగ్గడమేంటమ్మా! మా వదినగారు అలాగే ఊరుకుంటే మెడదాకా పాకింది."

మెడదాకా అనగానే, లేని పంటినొప్పికి కూడా భారతీదేవికి భయమేసింది.

"అమ్మా, నిజం చెప్పెయ్" అంది యశస్విని చెవిలో.

"నోర్మూసుకుని దవడ పట్టుకో."

నందిగామలో దిగాక అమ్మణ్ణి భారతీదేవి చెయ్యి వదల్లేదు. లాక్కెళ్ళి నేరుగా అల్లుడి ముందు నిలబెట్టింది. ప్రద్యుమ్న చేతులకి గ్లవ్స్ తొడుక్కుంటూ, "నొప్పెవరికండీ?" అన్నాడు.

"మా అమ్మకండీ" అంది యశస్విని, ఏమాత్రం తడుముకోకుండా.

"బస్సులో అమ్మాయికన్నావు కదమ్మా?" అంది అమ్మణ్ణి.

"నాకేనండీ... నా నొప్పి చూడలేక అది అలా దిగులుపడిపోయింది" అంది భారతీదేవి, కూతుర్ని కళ్ళతోనే కొరికేస్తూ.

ఇక తప్పక కుర్చీ ఎక్కింది. ఒకసారి నోరు తెరిచి చూపించి, ఏదో గోళీ రాయించుకుని బయటపడదామనుకుంది. ప్రద్యుమ్న లైటు వేసి చూశాడు. ఎక్స్‌రే తీసి మళ్ళీ చూశాడు.

"ఇంతకాలం ఎలా ఓర్చుకున్నారండీ? వేరుదాకా పుచ్చిపోయింది. ఇక ఉంచి లాభం లేదు."

"పీకితే చచ్చిపోనుగా బాబూ?" అంది భారతీదేవి. పొద్దుటినుంచీ ఆమె ఆడిన మాటల్లో నిజం అదొక్కటే.

పన్ను ఊడొచ్చింది. "కాసేపు ఈ దూది గట్టిగా కరిచిపెట్టుకోండి. అస్సలు మాట్లాడొద్దు" అన్నాడు ప్రద్యుమ్న.

అమ్మణ్ణి అల్లుడితో కబుర్లలో పడగానే తల్లీకూతుళ్ళు జారుకున్నారు. వీధి మలుపు తిరిగి లేడీ డాక్టరు గదిలోకి వెళ్ళాక గానీ భారతీదేవి ఊపిరి తీసుకోలేదు.

"చెప్పండి, ఏంటి ఇబ్బంది?" అంది డాక్టరు వైదేహి.

యశస్విని అలవాటుగా తల్లి వైపు చూసింది. ఏ డాక్టరు అడిగినా చెప్పేది తల్లే. ఇవాళ తల్లి నోట్లో దూది. ఇక తనే మొదలుపెట్టింది.

"డేట్ దగ్గరపడే కొద్దీ భయమేస్తుంది మేడం. ఏదో ఘోరం జరగబోతోందనిపిస్తుంది. నాన్న ఫోను ఎత్తకపోతే చాలు, ఏమైపోయాడోనని ఏడుస్తా. నెలసరి వచ్చాక చూస్తే నాకే నవ్వొస్తది. ఇది పిచ్చేనా మేడం?"

"పిచ్చి కాదమ్మా. ఆ రోజుల్లో హార్మోన్లలో వచ్చే మార్పు కొందరి మనసు మీద గట్టిగానే పనిచేస్తుంది. ఇదుగో, ఆ రోజులొస్తున్నాయి, ఈ భయం అందుకే అని ముందే తెలిస్తే సగం బరువు దిగుతుంది. అప్పుడు నిద్ర చెడగొట్టుకోకు. కాఫీ తగ్గించు. సాయంత్రం నడువు. కొన్ని నెలలు చూద్దాం, అప్పటికీ చదువు సాగనివ్వకపోతే మందులున్నాయి. ఇంట్లో ఇంకెవరికన్నా ఇలా ఉందా?"

యశస్విని లేదనబోయింది. పక్కన భారతీదేవి చెయ్యి మెల్లగా పైకి లేచింది.

"మీకూనా! ఎప్పట్నుంచి?"

భారతీదేవి కూతుర్ని చూపించి, అరచేతిని నేల దాకా దించింది. ఇది పుట్టకముందు నుంచీ అని.

"ఒక్కసారన్నా నాకు చెప్పలేదేమ్మా?" అంది యశస్విని, ఆ చేతిని పట్టుకుంటూ.

భారతీదేవి నోట్లో దూది చూపించింది.

"నెలసరి ముందేనా, నెలంతానా?" అంది వైదేహి.

భారతీదేవి కాస్త ఆలోచించి, నెలంతా అన్నట్టు చెయ్యి గుండ్రంగా తిప్పింది.

"అయితే మీది విడిగా చూడాలి" అంది వైదేహి నవ్వాపుకుంటూ. యశస్విని ఆపుకోలేకపోయింది. ఇన్నాళ్ళకి పిల్ల కడుపారా నవ్వింది.

అంతలో వెనక తలుపు తోసుకుని, చేతిలో క్యారేజీతో అమ్మణ్ణి లోపలికొచ్చింది. భారతీదేవి దూది మింగినంత పని చేసింది.

"గోంగూరపప్పు తెచ్చా, ముందు తిని... అదేంటమ్మా, మీరిక్కడున్నారు?"

"మేం బయల్దేరిందే ఈ డాక్టరుగారి కోసమండీ" అంది యశస్విని.

అమ్మణ్ణి బుగ్గలు నొక్కుకుని భారతీదేవి వైపు తిరిగింది. "ఆ ముక్క బస్సులోనే చెప్తే సరిపోయేదిగా తల్లీ! ఈ డాక్టరు మా అమ్మాయే. నీకా పన్నన్నా దక్కేది!"