వజ్రమ్మ పేరు

"బాకీ మొత్తం కట్టినంక గూడ లోను రాదా సార్?" వజ్రమ్మ రెండోసారి అడిగింది.

బ్యాంకు మేనేజరు విసుక్కోలేదు. కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పి చూపించాడు. బాకీ తీరిన మాట నిజమే. కానీ మూడు నెలలు వరసగా వాయిదాలు తప్పిన సంగతి అందులో అలాగే ఉండిపోయింది. ఏ బ్యాంకుకు పోయినా ముందు అదే కనబడుతుందనీ, అది ఉన్నన్నాళ్లు ఆమె పేరున్న ఏ కాగితమూ ముందుకు కదలదనీ చెప్పాడు.

ఆ మూడు నెలలు ఎందుకు తప్పాయో మాత్రం ఆ తెరలో లేదు. ఆమె మానుకోట డిపోలో కండక్టరు. నిరుడు సకల జనుల సమ్మెలో బస్సులు ఆగినప్పుడు అందరితో పాటు తనూ గేటు ముందు టెంటు కింద కూర్చుంది. జీతం రాలేదు. సరిగ్గా అప్పుడే భర్త ఎల్లస్వామి మేస్త్రీ పనిలో గోడ మీదినుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. చేతికి అందిన ప్రతి రూపాయీ వరంగల్ దవాఖానకే పోయింది. ఇంటి మరమ్మతుకు తీసుకున్న లోను వాయిదాలు అట్లాగే ఆగాయి.

ఆగేసరికి బ్యాంకువాళ్లు ఆమెకు జామీను ఉన్న డ్రైవర్ అమర్‌సింగ్‌ను పట్టుకున్నారు. సమ్మె ముగిసి జీతాలు మొదలవగానే అతని జీతంలోంచి ఆ వాయిదాలు కోతపెట్టారు. ఆ జీతంతోనే అతను బిడ్డ సోనికి నర్సింగ్ కాలేజీ ఫీజు కట్టాలనుకున్నాడు. గడువు దాటి సీటు పోయింది. సోని తండాలోనే ఉండి మిరప ఏరడానికి కూలికి పోతోందని వజ్రమ్మకు ఎవరో చెబితే తెలిసింది.

అమర్‌సింగ్ అంతకుముందు "చెల్లె, తిన్నవా?" అని అడగనిదే స్టీరింగ్ ముట్టేవాడు కాదు. ఇప్పుడు ఇద్దరూ ఒకే బస్సు మీద డ్యూటీ చేస్తున్నా, ఆమె "రైట్" అంటే బండి కదలడం, "హోల్డాన్" అంటే ఆగడం, అంతే. వజ్రమ్మ తన మెడలో గొలుసు అమ్మి, ముందు అతని జీతంలో పోయిందంతా తిరిగి ఇచ్చింది. మిగిలింది బ్యాంకులో కట్టి లోను తీర్చేసింది. అమర్‌సింగ్ నోట్లు లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకుని బండి ఎక్కాడు.

"ఇంక దీనికి దారే లేదా సార్?"

"ఉందమ్మా. కాకపోతే ఓపిక పట్టాలి" అన్నాడు మేనేజరు. పది వేలు డిపాజిట్ వేసి, దాని మీదే చిన్న లోను తీసుకుని, ఒక్క నెల కూడా తప్పకుండా ఏడాది పాటు కట్టుకుంటూ పోతే పేరు కొంచెం కొంచెంగా బాగుపడుతుందట.

ఎల్లస్వామికి ఇదంతా పిచ్చి పనిలా కనిపించింది. మన పైసలు మనమే పెట్టి, వాటి మీద మళ్లీ మిత్తి కట్టుడేందని రెండు రోజులు సణిగాడు. తర్వాత అతనే ఒక ఆశ పెట్టుకున్నాడు. పేరు బాగైతే లోను వస్తుంది, లోను వస్తే బస్టాండు పక్కన కిరాణం డబ్బా పెట్టుకోవచ్చు, కూర్చుని చేసే పని కదా అని. కర్ర పట్టుకుని పోయి జాగా కూడా చూసి వచ్చాడు.

"ముందు పేరు బాగుకానీ" అని మాత్రం అంది వజ్రమ్మ.

ఆ ఏడాది ఆమెకు సెలవంటూ లేదు. ఎవరు డ్యూటీకి రాకపోయినా ఆ డ్యూటీ తనకే వేయమని అడిగేది. సాయంత్రానికి కాళ్లు చెప్పుల్లో పట్టేవి కావు. ఎప్పుడు ఏ బంద్ పిలుపు వస్తుందో తెలియదు కాబట్టి ఐదో తేదీ కట్టాల్సిన వాయిదా ఒకటో తేదీనే కట్టేది. పండక్కి చీర కొనలేదు. చెవి కమ్మలు కూడా అమ్మింది.

ఒకరోజు డిపోలో మెకానిక్ ఒకతను స్కూటరు లోనుకు జామీను సంతకం అడుగుతూ తిరిగాడు. ఎవరూ కాగితం పట్టుకోలేదు. "అమర్‌సింగ్‌కు ఏమైందో చూడలేదా?" అన్నారు ఎవరో, వజ్రమ్మ అక్కడే ఉందని చూసుకోకుండా. ఆమె టికెట్ల సంచి సర్దుకుంటూ తల దించుకుంది.

ఏడాది గడిచింది. తెలంగాణ ఇస్తామన్న మాట ఢిల్లీ నుంచి వచ్చి వారమైంది. డిపో గోడల మీద గులాల్ ఇంకా పోలేదు. పొద్దున బయల్దేరేటప్పుడు ఎల్లస్వామి డబ్బా సంగతి గుర్తు చేశాడు. ఆమె చెప్పులేసుకుని నేరుగా బ్యాంకుకు నడిచింది.

మేనేజరు తెర చూసి నవ్వాడు. "ఇప్పుడు పర్వాలేదమ్మా. ఇక మీ కాగితం ఆగదు. అర్జీ తెచ్చారా?"

"అర్జీ మీ కాడనే ఉన్నది సార్, జూన్ నెల సంది."

ఆమె చెప్పిన గుర్తుల ప్రకారం ఆయన బీరువాలో వెతికి, దుమ్ము పట్టిన ఫైలు ఒకటి తీశాడు. చదువుతుంటే ఆయన నవ్వు తగ్గిపోయింది.

"దీని మీద సంతకం పెడితే ఇంకో మూడేళ్లు మీకు వేరే లోను పుట్టదు. ఇంట్లో చెప్పారా?"

"సాయంత్రం చెప్త. నాల్గు రోజులు మాట్లాడడు, మళ్ల మాట్లాడుతడు."

"కష్టపడి బాగుచేసుకున్న పేరమ్మా ఇది."

"గిందుకే చేసుకున్న సార్" అని వజ్రమ్మ పెన్ను తీసుకుంది.

జామీను దొరకక ఆగిపోయిన అమర్‌సింగ్ బిడ్డ చదువు లోనుకు తానే జామీనుగా సంతకం పెట్టింది.