జెన్సీ గదిలో రొద

స్నానాల గదిలోంచి తడి తలతోనే విసురుగా వచ్చి, దయానందం కూతురి టేప్‌రికార్డర్ ప్లగ్గు పీకేశాడు. గిటార్ల మోత ఠక్కున ఆగింది.

“మీ అమ్మ ప్రభువు దగ్గరికెళ్ళి నెల కాలేదు. సిగ్గు లేదటే నీకు? బాధగా ఉంటే కీర్తనలు పెట్టుకోలేవూ?”

“డోంట్ టచ్ మై స్టఫ్!” జెన్సీ అరిచింది.

“నోర్ముయ్! నేను స్నానానికెళ్ళడం ఆలస్యం, రోజూ ఇదే గోల!”

“బికాజ్ యూ క్రై ఇన్ దేర్, డాడీ! ఎవ్రీ డే! తమ్ముడికి వినిపిస్తుంది. వాడు భయపడతాడు. అందుకే సౌండ్ పెంచుతాను.”

దయానందం షవర్ చప్పుడులో తన ఏడుపు ఎవరికీ వినపడదనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

జెన్సీ ఇంకా కోపంగానే చూస్తోంది. అతను ఆమె మంచం అంచున మెల్లగా కూలబడి, కూతురి ముందే మొదటిసారి ఏడ్చాడు.