అర్జీ వాపసు

గోను తుఫాను వరదకు ఒమాన్‌లో ఖురం వీధుల్లో కార్లు తేలిన మరుసటి ఏడాది, ఎండాకాలం.

నర్సయ్య బావమరిది అంజి సైట్‌లో నడుం పట్టుకుని కూలబడ్డాడు.

డాక్టరు ఒక్క మాటే చెప్పాడు. "కిడ్నీలో రాయి. ఆ కూలీల క్యాంపు నీళ్లు మానెయ్యాలి. లేకపోతే కిడ్నీయే పోతుంది."

మానేసి ఏం తాగాలి? కంపెనీ ఏదో తోట బావిలోంచి ఉప్పునీళ్లు తోలించి ట్యాంకులో పోస్తుంది. ఆ నీళ్లతో టీ కాస్తే పాలు విరిగిపోతాయి. సీసా నీళ్లు కొనుక్కుంటూ కూర్చుంటే ఇంటికి పంపేదేముంటుంది?

అందుకే క్యాంపు వాళ్లంతా మంచినీళ్ల ట్యాంకర్ కావాలని అర్జీ రాయించారు. అందరూ వేలిముద్రలు వేసి అల్ ఖువైర్‌లో లేబరాఫీసుకు పంపారు.

వీరబ్రహ్మం ఒక్కడే వెయ్యలేదు.

అతను ఆ కంపెనీ మనిషి కాడు. కడప వైపు వాడు. అల్ సువైక్‌లో తోటపని చేసేవాడట. కొత్త డ్యూటీ దొరికేదాకా ఉంటానని వచ్చి, క్యాంపులో వంట చేసిపెట్టి, మిగిలింది తిని పడుకునేవాడు.

"ఏలు వెయ్యనోనికి నీళ్లు లేవు పో," అని అంజి వెక్కిరించేవాడు.

"ఇయ్యకపోతే పాయ. ఇదేమన్నా అమృతమా?" అని నవ్వేవాడు వీరబ్రహ్మం.

వారం తిరక్కముందే క్యాంప్ బాస్ ఎహసాన్ కవర్లు పట్టుకొచ్చాడు.

"అర్జీ వాపస్ తీసుకుంటున్నామని అందరూ అంగూఠా పెట్టండి. కవర్ తీసుకోండి. ఖలాస్."

నీళ్లెప్పుడొస్తాయని ఎవరూ అడగలేదు. కవర్లు లావుగా ఉన్నాయి.

"ఇది లంచం గాదా బావా?" అంజి గొణిగాడు.

"లంచమంటే సర్కారు నౌకరోడు తీసుకునేది. మనం కూలోళ్లం. మనకిస్తే బక్షీసు," అన్నాడు నర్సయ్య.

మూల కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్న వీరబ్రహ్మం కత్తి ఆపాడు.

"ఏందన్నా నర్సయ్యన్నా, సంతలో ఎద్దును కొంటే రశీదన్నా ఉంటాది. మనిషి నోరు కొన్నోనికి అదీ లేదే! కోడిని ఎత్తుకపోయినోణ్ణి జైల్లో ఏస్తారు. వీణ్ణి ఏంటికి ఎయ్యరు?"

నర్సయ్యకు మండింది. "కొన్నోణ్ణి ఏస్తే అమ్మినోణ్ణి ఇడుస్తరా? మా కడుపు మీద కొడ్తవా ఏంది?"

"ఆకలైనోడు అమ్ముకుంటాడు, వాణ్ణేమనాల? కొనేటోనికి ఆకలి లేదు గదన్నా."

"నీ ఏలు లేదు, నీకు కవర్ లేదు. నీకెందుకయ్యా నొప్పి? మూస్కోని కూర సూడు, మాడుతున్నది."

అందరూ గొల్లుమన్నారు. వీరబ్రహ్మం కూడా నవ్వాడు. లేచి కూర కలిపాడు.

నర్సయ్య వేలు వేశాడు. అంజి వెనకాడుతుంటే చెయ్యి పట్టుకుని తనే వేయించాడు.

ఆ సాయంత్రమంతా నర్సయ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కవరు పెట్టెలో పెట్టాడు. తీశాడు. దిండు కింద దూర్చాడు. మళ్లీ తీశాడు. అంజి మూలుగు వినపడని చోటు మాత్రం క్యాంపులో దొరకలేదు.

తెల్లారి చూస్తే వీరబ్రహ్మం లేడు. పొయ్యి వెలగలేదు.

"సూసినవా బావా! ఇన్ని దినాలు తిని, చెప్పకుండ ఉరికిండు."

నర్సయ్య గబగబా కవరు తడుముకున్నాడు. ఉంది. ఉన్నందుకు ఇంకా చిరాకేసింది.

రెండు రోజులకు పోలీసు జీపు వచ్చింది. వెంట లేబరాఫీసు వాళ్లు.

"వీరబ్రహ్మం యాడ పడుకుంటా ఉండె?" అని వాళ్లలో ఒకాయన తెలుగులో అడిగాడు. ఖాదర్‌వలి. రాయచోటి మనిషి. ఆఫీసులో కూలీల మాటలు అరబ్బీలోకి మార్చి చెప్పేది ఆయనే.

"గా ట్యాంకు కింద, సార్," అన్నాడు నర్సయ్య.

"మన మీద ఏదో ఎక్కిచ్చిండు లంగ," అని అంజి పళ్లు కొరికాడు.

ఒమానీ ఆఫీసరు ట్యాంకు కిందికి వంగి చాప చూశాడు. లేచి, ట్యాంకు కొళాయి తిప్పి చేతులు కడుక్కుని, ఓ గుక్క నోట్లో పోసుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు. నిచ్చెన తెమ్మన్నాడు. పైకెక్కి మూత తీసిన మనిషి ముక్కు మూసుకున్నాడు.

ఎహసాన్ ఫోను తీసుకుని పక్కకు పోయాడు.

మర్నాటికల్లా మంచినీళ్ల ట్యాంకర్ వచ్చింది. అంజి ఎత్తిన చెంబు దించకుండా తాగాడు.

ట్యాంకర్ వచ్చిందో లేదో చూసిపోవడానికి ఖాదర్‌వలి వచ్చాడు. నర్సయ్య చేతులు నలుపుకుంటూ దగ్గరికి పోయాడు.

"సార్, మేం అర్జీ వాపస్ తీసుకుంటిమి గద. మీరెట్ల అచ్చిండ్రు?"

"మీ అర్జీ మీద రాలేదు నాయనా. ఇష్టపడే వాపసు తీసుకున్నామని అందరూ వేళ్లు వేసి పంపితిరి. డబ్బు చేతులు మారిందని మాకు తెలీదా? ఒక్కడన్నా నోరు తెరవాల గదా."

"మరి బ్రహ్మం చెప్పిండా?"

"ఆయన చెప్తే నడవదు. ఈ కంపెనీ మనిషి కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు."

"మరెట్ల?"



"ఆయన ఖల్లివెల్లి. యజమాని దగ్గర్నుంచి పారిపోయి, కాగితాలు లేకుండా ఏడాదిగా తల దాచుకుంటున్న మనిషి. అట్లాంటోడు దొరికితే, దాక్కున్న చోటికి మేము వచ్చి చూడాల్సిందే."



"ఇప్పుడేడున్నడు సార్? ఒక్కసారి కలవనిస్తరా?"

"లోపల ఉన్నాడు. కలవనియ్యరు. అట్నుంచి అటే ఊరికి పంపిస్తారు. మళ్లీ ఈ దేశం రానియ్యరు."

"అయ్యో! ఎవలు పట్టిచ్చిండ్రు సార్?"

"ఎవురూ పట్టియ్యలేదు," అన్నాడు ఖాదర్‌వలి. "మీరు వేళ్లు వేసిన మర్నాడు పొద్దున్నే, మేము ఆఫీసు తలుపు తియ్యకముందే, ఆయనే వచ్చి మెట్ల మీద కూర్చోనుండె."